పరేడ్ తుపాకుల సంగతులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఎన్‌సీసీ కేడెట్ల చేతుల్లో తిరిగిన పాత రైఫిళ్లు, వాటి సామాన్ల సేకరణ గురించి కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఎక్కువమంది అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడదాం.

ప్రశ్న: ఎన్‌సీసీవాళ్లు, పోలీసులు వాడి పక్కన పెట్టిన త్రీ నాట్ త్రీ రైఫిళ్లు వేలంలో దొరుకుతాయని విన్నాను. ఇంగ్లండు, ఆస్ట్రేలియాలో మామూలు మనుషులే కొని దాచుకుంటారట కదా. మన దగ్గర ఎక్కడ కొనొచ్చు, ఎంత ఉంటుంది? (ప్రొద్దుటూరు పాఠకుడు)

జవాబు: మన దేశంలో కొనలేరండీ. ధర మాట తర్వాత, అసలు .303 బోరు రైఫిల్ నిషిద్ధ ఆయుధాల జాబితాలో ఉంది. ఆయుధ నియమాల మొదటి షెడ్యూలులో .303, 7.62 మి.మీ. బోరు రైఫిళ్లు, ఆ గుళ్లను పేల్చగల వేరే ఏ రైఫిళ్లయినా, .410 మస్కెట్లూ మొదటి కేటగిరీలోనే కనిపిస్తాయి. వీటికి కలెక్టరు లైసెన్సు ఇవ్వలేరు, కేంద్ర హోం శాఖ అనుమతి కావాలి. "పాతదే కదా, సేకరణకే కదా" అంటే అది దొరకదు. నిషిద్ధ ఆయుధం అనుమతి లేకుండా దగ్గర ఉంటే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం పద్నాలుగేళ్లు.

సైన్యంలో, పోలీసుల్లో వాడకం అయిపోయిన రైఫిళ్లను మన దగ్గర ప్రజలకు అమ్మరు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే పరేడ్‌తో త్రీ నాట్ త్రీకి వీడ్కోలు చెప్పారు. అవి కూడా బజారుకు రాలేదు. కాబట్టి ఫోనులో "ఆర్మీ సర్‌ప్లస్ రైఫిల్, అడ్వాన్సు పంపండి" అని ప్రకటన కనిపిస్తే, అది నిజమైతే నేరం, అబద్ధమైతే మోసం. రెండింటిలో ఏదైనా డబ్బు పోయేది మీదే.

మరి ఈ అభిరుచి ఉన్నవాళ్లు ఏం చేయాలి? రైఫిల్ చుట్టూ ఉన్న సామాను సేకరించొచ్చు, పాత ఫోటోలు చదవడం నేర్చుకోవచ్చు, చెక్కతో నమూనా చేయించుకోవచ్చు, లైసెన్సు వస్తే .22 రైఫిల్ పెట్టుకోవచ్చు. ఈ నాలుగు దారుల గురించీ కింద ఉంది.

ప్రశ్న: మా హైస్కూలు స్టోర్ రూములో విరిగిన బెంచీల కింద ఒక పాత రైఫిల్ బయటపడింది. ముప్పై నలభై ఏళ్ల కిందట బడిలో ఎన్‌సీసీ ఉండేదట. బట్ (భుజానికి ఆనించే వెనక చెక్క) మీద రెండు ఇంగ్లిషు అక్షరాలు డీ, పీ అని ఉన్నాయి. పాత ఇనుము కొనేవాళ్లకు వేసేయమని కొందరు, ఆఫీసు గదిలో గోడకు పెట్టమని కొందరు అంటున్నారు. (ఉపాధ్యాయురాలు, ఎమ్మిగనూరు)

జవాబు: రెండూ వద్దమ్మా. అది బడిది కాదు, ఎన్‌సీసీ బెటాలియన్‌ది. లెక్కల్లో ఎక్కడో ఇంకా మీ బడి పేరు మీదే ఉండి ఉంటుంది. ఇనుము కొట్టుకు వేస్తే ప్రభుత్వ ఆస్తి అమ్మినట్టు, కొన్నవాడికీ అమ్మినవారికీ ఆయుధ చట్టం వర్తించే ప్రమాదం అదనం.

ముందు పిల్లలను గదిలోంచి పంపేయండి. రైఫిల్‌ను ఉన్నచోటే ఉంచండి. కదపక తప్పకపోతే మూతిని గోడవైపు పెట్టి, ట్రిగ్గర్ దగ్గరికి వేలు పోనివ్వకుండా పట్టుకోవాలి. డీపీ (డ్రిల్ పర్పస్, అంటే కవాతుకు మాత్రమే) అని రాసి ఉన్నా సరే, లోపల గుండు ఉన్నట్టే భావించాలి. బోల్ట్ (గుండును లోపలికి నెట్టి మూసే ఇనుప భాగం) తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటే సుత్తితో కొట్టి తెరవకండి. బట్ సాకెట్ మీద, అంటే చెక్క బట్ ఇనుముతో కలిసే చోట, కుడివైపు ఉన్న అక్షరాలు, సంవత్సరం, నంబరు ఫోటో తీయండి. గదికి తాళం వేసి, హెడ్మాస్టరు సంతకంతో రెండు ఉత్తరాలు రాయండి: ఒకటి మీ జిల్లా ఎన్‌సీసీ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసరుకు, ఇంకొకటి స్థానిక పోలీసు స్టేషనుకు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి సమక్షంలో దొరికిందో, నంబరేమిటో రాసి, ఇద్దరు టీచర్ల సాక్షి సంతకాలు పెట్టించండి. ఆ రోజే రాయాలి. రేపు రాద్దాంలే అనుకుంటే రేపు అడిగే మొదటి ప్రశ్న "ఇన్నాళ్లూ ఎందుకు దాచారు?" అన్నదే. అప్పగించేటప్పుడు నంబరు రాసిన రసీదు తీసుకుని బడి రికార్డులో పెట్టండి.

బడిలో ప్రదర్శనకు పెట్టుకోవాలని నిజంగా ఉంటే ఆ మాట అదే ఉత్తరంలో అడగండి. రాతపూర్వక కేటాయింపు లేకుండా ఏ రైఫిల్‌నూ గోడకు ఎక్కించొద్దు.

ప్రశ్న: డీపీ అంటే డ్రిల్ పర్పస్ అని తెలుసు. అంటే అది పేలదు కదా? పేలని దానికి లైసెన్సు ఎందుకు? (డిగ్రీ విద్యార్థి, ఆదోని)

జవాబు: ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. డీపీ ముద్ర సైన్యం తన సొంత వాళ్లకు ఇచ్చుకున్న హెచ్చరిక: దీనిలో గుండు పెట్టకండి, కవాతుకు మాత్రమే. అది చట్టం ఇచ్చిన మినహాయింపు కాదు.

బ్రిటిష్ పద్ధతిలో వాడుకకు పనికిరాని రైఫిళ్లకు కొన్ని గుర్తులుండేవి. డీపీ రైఫిల్‌కు చెక్క మీద, ఇనుము మీద ఆ రెండక్షరాల ముద్ర, చాలాసార్లు బట్ చుట్టూ లేదా ముందు చెక్క చుట్టూ తెల్లరంగు పట్టీ ఉంటాయి. తరగతిలో లోపలి భాగాలు కనిపించేలా పక్కలు కోసేసినది స్కెలిటన్ రైఫిల్. ఇది ఇంకో రకం, దీని ముద్ర వేరు. డీపీ చేసే పద్ధతి మాత్రం అన్నిచోట్లా ఒకటి కాదు. కొన్నింటికి చాంబర్‌కు, అంటే బారెల్‌లో గుండు కూర్చునే చోటికి, అడ్డంగా రంధ్రం పొడిచారు, కొన్నింటికి ఫైరింగ్ పిన్ కొన కత్తిరించారు, కొన్నింటికి బోల్ట్ మొహం వెల్డింగు చేశారు. అరిగిపోయిన రైఫిల్‌కు ముద్ర ఒక్కటే కొట్టి వదిలేసినవీ ఉన్నాయి. ఈ చివరి రకమే ప్రమాదం. పైకి చూస్తే తేడా తెలియదు.

ఆయుధ చట్టం 45వ సెక్షన్ కాలం చెల్లిన నమూనాకూ, పురాతన విలువ ఉన్నదానికీ, చెడిపోయినదానికీ మినహాయింపు ఇస్తుంది. షరతు ఒకటే: బాగుచేసినా, చేయకపోయినా అది తుపాకిగా పనికిరాకూడదు. "బాగుచేసినా" అన్న మాట దగ్గరే సేకరణదారుల వాదనలన్నీ కూలిపోతాయి. ఫైరింగ్ పిన్ లేదు కాబట్టి పేలదు అంటే కుదరదు, పిన్ మార్చుకోవచ్చు కదా అంటారు. ఆ సంగతి తేల్చేది ఆర్మరర్ (తుపాకులు పరీక్షించి బాగుచేసే నిపుణుడు), ఫోరెన్సిక్ ల్యాబ్. అమ్మేవాడు చెప్పే మాటకు విలువ లేదు. ఇంకో సంగతి: తుపాకి భాగాలు కూడా చట్టం దృష్టిలో ఆయుధమే. "బోల్ట్ ఒక్కటే కొన్నా", "బారెల్ ఒక్కటే పేపర్‌వెయిట్‌లా పెట్టుకున్నా" అన్నవి రక్షణ ఇవ్వవు.

నూరేళ్లు దాటిన రైఫిల్ అయితే 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా వచ్చి చేరుతుంది, దేశం దాటించడానికి వీల్లేదు. నూరేళ్లు నిండినంత మాత్రాన ఆయుధ చట్టం వదిలిపెట్టదు, అది గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా తాతగారు అనంతపురం కాలేజీలో చదివేటప్పటి ఎన్‌సీసీ గ్రూపు ఫోటో ఉంది. అందరి చేతుల్లో రైఫిళ్లు ఉన్నాయి. అవి ఏ రకమో ఫోటో చూసి చెప్పొచ్చా? (ఉరవకొండ పాఠకురాలు)

జవాబు: చెప్పొచ్చండీ. ఇలాంటి ఫోటోలే ఈ సేకరణలో అసలు ఆస్తి, వాటికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఎన్‌సీసీ మొదలైంది 1948లో. అంతకుముందు యూనివర్సిటీల్లో 1920 నాటి ట్రైనింగ్ కోర్, 1942 నుంచి యూఓటీసీ (యూనివర్సిటీ ఆఫీసర్స్ ట్రైనింగ్ కోర్) ఉండేవి. కాబట్టి భుజం మీది పట్టీ, టోపీ బ్యాడ్జీ చూస్తే కాలం కొంత తెలుస్తుంది. ఫోటోను కనీసం 600 డీపీఐలో స్కాన్ చేసి, రైఫిల్ మూతి దగ్గర పెద్దది చేసి చూడండి.

మూతి మొద్దుగా, ఇనుప తొడుగు బారెల్ చివరితో సమానంగా ఉండి, దాని కింద బయొనెట్ తగిలించే చిన్న బొడిపె ఉంటే అది త్రీ నాట్ త్రీల్లో నంబర్ వన్ మార్క్ త్రీ. 1907లో వచ్చింది, పొడవు 44.5 అంగుళాలు, బరువు నాలుగు కిలోలకు కాస్త తక్కువ, మ్యాగజైన్‌లో పది గుళ్లు. ఇందులో వెనక సైటు బారెల్ మీద, చెయ్యి పట్టుకునే చోటికి కాస్త పైన కనిపిస్తుంది. మూతి దగ్గర బారెల్ రెండు మూడు అంగుళాలు బయటికి పొడుచుకొచ్చి, వెనక సైటు బోల్ట్ పక్కన కంటికి దగ్గరగా ఉంటే నంబర్ ఫోర్. రెండో ప్రపంచ యుద్ధంలో వచ్చినది ఇది. మన దేశంలో తయారైంది నంబర్ వన్ కాబట్టి తాతగారి ఫోటోలో అదే ఉండే అవకాశం ఎక్కువ. మ్యాగజైన్ డబ్బా కింద వాలుగా కాక నలుచదరంగా ఉంటే అది ఇషాపూర్ కర్మాగారం 1960లలో 7.62 గుండుకు చేసిన టూ ఏ లేదా టూ ఏ వన్.

పైకి అచ్చం నంబర్ వన్‌లాగే ఉండి మోసం చేసేది .22 నంబర్ టూ మార్క్ ఫోర్. ఆకారం, తూకం పెద్ద రైఫిల్‌వే, పేలేది మాత్రం చిన్న .22 గుండు. పెద్ద రైఫిల్ అలవాటును చవకగా నేర్పడానికే దాన్ని అలా చేశారు. మూతి రంధ్రం పెన్సిల్ కంటే సన్నగా కనిపిస్తే అదే. దాని మ్యాగజైన్‌లో స్ప్రింగు ఉండదు, ఖాళీ డొల్లలు పడే డబ్బాగా పనిచేస్తుంది. తర్వాతి కాలపు కేడెట్ల చేతిలో కనిపించే నాజూకైన రైఫిల్ .22 డీలక్స్: పొడవు 43 అంగుళాలు, బరువు 6 పౌండ్ల 2 ఔన్సులు. ఎన్‌సీసీ పాఠంలో దాని గురి దూరం 25 గజాలని చెబుతారు.

ముందు చెక్క చుట్టూ రాగి తీగ దట్టంగా చుట్టి ఉంటే విరిగితే కట్టారని అనుకోకండి. గ్రెనేడ్ విసిరేందుకు వాడిన రైఫిల్ అది. ఆ దెబ్బకు చెక్క చీలకుండా తీగ చుట్టేవారు. మన దేశపు రైఫిళ్లలో ఇది చాలా కనిపిస్తుంది. చెక్కకు అడ్డంగా కనిపించే ఒక స్క్రూ కూడా ఇషాపూర్ పద్ధతే, అదీ చీలిక ఆపడానికే.

ముద్రలు దగ్గరగా చూసే వీలు, అంటే మ్యూజియంలోనో బెటాలియన్‌లోనో అనుమతితో, దొరికితే బట్ సాకెట్ కుడివైపు చదవండి. పైన కిరీటం, కింద జీఆర్‌ఐ (జార్జి చక్రవర్తి గుర్తు), ఇషాపూర్ పేరు, సంవత్సరం, ఆ కింద మార్క్ వరసగా ఉంటే స్వాతంత్ర్యానికి ముందుది. కిరీటం పోయి అశోకుడి సింహాలు, ఆర్‌ఎఫ్‌ఐ (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) అక్షరాలు వస్తే తర్వాతిది. రిసీవర్ (బోల్ట్ కదిలే ఇనుప భాగం) మీది నంబరు, బోల్ట్ పిడి వెనక నంబరు, మూతి తొడుగు మీది నంబరు, సైటు ఆకు మీది నంబరు ఒకటైతే రైఫిల్ పుట్టినప్పటి భాగాలతోనే ఉంది. డీపీ రైఫిళ్లలో ఇవి సాధారణంగా కలవవు. నాలుగు పాడైన రైఫిళ్ల నుంచి ఒకటి కూర్చి కవాతుకు ఇచ్చేవాళ్లు.

ప్రశ్న: నాకు లైసెన్సు ఉన్న .22 రైఫిల్ ఉంది. చెక్క పొడిబారిపోతోందని వేరుశనగ నూనె రాస్తున్నాను. ఈమధ్య జిగటగా, దుమ్ము పట్టి నల్లగా అయింది. ఏం చేయాలి? (తాడిపత్రి పాఠకుడు)

జవాబు: ఇంట్లో గానుగ నూనె ఉందని రాయడం మన జిల్లాలో మామూలే. కానీ వేరుశనగ నూనె చెక్కలో గట్టిపడదు. తడిగా, జిగటగా మిగిలి గాలిలో దుమ్మును పట్టుకుంటుంది, కొన్నాళ్లకు కంపు కొడుతుంది. కొబ్బరినూనె సంగతీ అంతే. చెక్కకు కావలసింది ఆరి గట్టిపడే నూనె, అది అవిసె నూనె. పచ్చి అవిసె నూనె తీసుకోండి. రంగుల కొట్లో దొరికే డబుల్ బాయిల్డ్ రకం త్వరగా ఆరుతుంది కానీ పైన తోలులా పొర కడుతుంది, లోపలికి తక్కువగా దిగుతుంది.

ముందు బోల్ట్ తీసి, మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీ అని కంటితో చూసి వేలితో తడిమి నిర్ధారించుకోండి. నూలు గుడ్డకు టర్పెంటైన్ కొద్దిగా తడిపి, జిడ్డు పోయేదాకా గుడ్డలు మారుస్తూ తుడవండి. ఉప్పుకాగితం అసలు పట్టించొద్దు. చెక్క మీది ముద్రలు ఒకసారి గీకితే మళ్లీ రావు, పాత రైఫిల్ విలువలో సగం ఆ ముద్రలే. ఒక రోజు నీడలో ఆరనిచ్చి, అరచేతిలో నాలుగైదు చుక్కల అవిసె నూనె వేసుకుని చెయ్యి వేడెక్కేదాకా చెక్క మీద రుద్దండి. అరగంట తర్వాత మిగిలిన నూనెనంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. తుడవకుండా వదిలేస్తే మళ్లీ జిగటే. రోజుకొక పూత, అలా నాలుగైదు పూతలు చాలు. తర్వాత ఎండాకాలం ముందు ఒకసారి, వానలయ్యాక ఒకసారి.

ఇది మాత్రం తప్పకుండా పాటించండి: అవిసె నూనె తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయొద్దు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక తనంతట తానే అంటుకుంటుంది. మన మే నెల ఎండల్లో ఇది ఉత్త మాట కాదు. గుడ్డలను నీళ్లలో ముంచి, ఆరుబయట పరిచి ఆరాక పారేయండి.

చెక్క పొడిబారడానికి అసలు కారణం గాలిలో తేమ లేకపోవడం. బట్ వదులై కదులుతుంటే లోపలి పొడవాటి బట్ బోల్ట్ బిగించుకుంటే సరిపోతుంది. మధ్యలో జిగురు పోయొద్దు. ఇనుము సంగతికొస్తే, ముట్టుకున్న ప్రతిసారీ చెమట ఉప్పు అంటుకుంటుంది. పైన పలచగా రంగూన్ ఆయిల్ (తుపాకుల ఇనుముకు రాసే నూనె) తుడిచి పెట్టండి. క్యాన్వాసు కవరులో, తోలు ఒరలో నెలల తరబడి దాచొద్దు, అవి తేమను పీల్చి ఇనుముకు ఆనించి ఉంచుతాయి. బీరువాలో సిలికాజెల్ పొట్లాలు పెట్టి, నీలిరంగు గులాబీ రంగుకు మారినప్పుడు వేయించి మళ్లీ వాడుకోండి.

ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు రైఫిల్ స్టేషనులో అప్పగించాల్సి వస్తే, ఇచ్చే ముందే బారెల్‌లో నూనె చిందీ (నూనె తడిపిన గుడ్డ ముక్క) లాగి, నంబరు రాసిన చీటీ ట్రిగ్గర్ గార్డుకు దారంతో కట్టి, రసీదు మీద నంబరు సరిగా రాశారో అక్కడే సరిచూసుకోండి. వెనక్కి తెచ్చుకున్న రోజే మళ్లీ శుభ్రం చేయాలి.

ప్రశ్న: బడి పిల్లలకు డ్రిల్ నేర్పడానికి చెక్క రైఫిళ్లు చేయించాలనుకుంటున్నాం. వడ్రంగి ఒకటి చేసి తెచ్చాడు, గాలికి ఎగిరేట్టు తేలిగ్గా ఉంది. సలామీ శస్త్ర్‌లో (రైఫిల్‌తో వందనం చేసేటప్పుడు) పిల్లల చేతులు అదుపులో ఉండట్లేదు. (వ్యాయామ ఉపాధ్యాయుడు, పత్తికొండ)

జవాబు: లెక్క చూద్దాం సార్. అసలు రైఫిల్ బరువు నాలుగు కిలోలకు కాస్త తక్కువ. అదే ఆకారంలో 44.5 అంగుళాల టేకు కొయ్య దాదాపు 1.8 కిలోలే తూగుతుంది. సగం కూడా లేదు. కాబట్టి లోపల ఇనుము పెట్టాలి.

ముందు చెక్కకు అడుగువైపు నుంచి గాడి తీసి 65 సెంటీమీటర్ల గట్టి ఇనుప కడ్డీ దించండి. 16 మి.మీ. కడ్డీ అయితే ఆ ముక్క కిలోకు కాస్త పైన, 20 మి.మీ. అయితే 1.6 కిలోలు వస్తుంది. గాడిలో అరాల్డైట్ పోసి, మీద చెక్క పట్టీ మూసి బిగించి రాత్రంతా వదిలేయాలి. బట్‌కు వెనక నుంచి 25 సెంటీమీటర్ల లోతు రంధ్రం వేసి 20 మి.మీ. కడ్డీ ముక్క పెడితే ఇంకో 600 గ్రాములు. మొత్తం మీద సన్న కడ్డీతో 3.3 కిలోలు, లావు కడ్డీతో 3.8 కిలోలు. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లకు మొదటిది, కాలేజీ పిల్లలకు రెండోది. ఒకవైపే ఇనుము పెడితే రైఫిల్ తలకిందులుగా లాగుతుంది. ట్రిగ్గర్ గార్డుకు కాస్త ముందు వేలి మీద నిలబెట్టినప్పుడు సమంగా తూగాలి.

విరిగేది ఎప్పుడూ పిడి దగ్గరే. బాజూ శస్త్ర్‌లో బట్‌ను నేలకు గట్టిగా దించుతారు, ఆ దెబ్బ సన్నగా ఉన్న పిడికి తగులుతుంది. చెక్క నార పిడి గుండా పొడవుగా పోయేట్టు పలక ఎంచుకోండి. నార అడ్డంగా ఉంటే ఎంత మంచి టేకైనా పుటుక్కున తెగుతుంది. బట్ వేరు, ముందు భాగం వేరు చేసి అతికించడం వద్దు. బట్ అడుగున 3 మి.మీ. రేకు, దాని కింద పాత టైరు రబ్బరు ముక్క, రెండంగుళాల స్క్రూలు రెండు చాలు. చవకని పచ్చి వేప కొయ్యతో చేయిస్తే మన ఎండకు మెలి తిరుగుతుంది, బాగా ఆరిన వేప అయితే ఫర్వాలేదు.

బారెల్ దగ్గర పైపు పెట్టొద్దు. ఇది గట్టిగా చెబుతున్నాం. నీళ్ల పైపు ముక్క అయినా సరే, చెక్కకు బిగించిన గొట్టం చూడగానే నాటు తుపాకి అనుకునే అవకాశం ఉంది, వివరణ ఇచ్చుకోవడం మీ పని అవుతుంది. మూతి దగ్గర గుండ్రటి కొయ్యే ఉండాలి, రంధ్రం కూడా పొడవొద్దు. బోల్ట్ పిడి చెక్కిన కొయ్యతోనే సరి. బయటికి తీసుకెళ్లేటప్పుడు గోనెసంచిలో చుట్టి, బడి ఉత్తరం దగ్గర ఉంచుకోండి. బట్ మీద బడి పేరు, వరస నంబరు కాల్చి ముద్ర వేయించి రిజిస్టరులో రాయండి.

ప్రశ్న: బయొనెట్లు, నూనె సీసాలు, పేల్చేసిన ఖాళీ తూటాలు సేకరిస్తున్నాను. వీటికి ఇబ్బంది లేదు కదా? (గుంతకల్లు పాఠకుడు)

జవాబు: మూడింటికీ మూడు జవాబులు. నూనె సీసా, పుల్‌త్రూ (బారెల్ శుభ్రం చేసే తాడు), క్యాన్వాసు స్లింగ్, పాత శిక్షణ పుస్తకాలు, టార్గెట్ కాగితాలు, బ్యాడ్జీలు నిశ్చింతగా సేకరించండి. ఇత్తడి నూనె సీసా, ఇత్తడి బరువున్న పుల్‌త్రూ రెండూ బట్ వెనక ఇత్తడి మూత కింద అరలో ఉండేవి. సీసా మూత లోపల చిన్న చెంచా ఉంటుంది, అది విరగకుండా ఉందో లేదో చూసి కొనండి. వాటిని చింతపండుతో తళతళా తోమొద్దు. ఆ గోధుమరంగు పోతే పాతదనం పోతుంది.

బయొనెట్ ఆయుధమే, షెడ్యూలులో కత్తులు, బల్లేలతో పాటు దాని పేరు ఉంది. 1907 నమూనాకు అలుగు 17 అంగుళాలు, మన దేశంలో పొట్టిగా చేసినదానికి 12 అంగుళాలు. దగ్గర పెట్టుకోవడానికి లైసెన్సు కావాలా అన్నది మీ ప్రాంతంలో 4వ సెక్షన్ కింద నోటిఫికేషన్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. కలెక్టరేట్‌లో మెజిస్టీరియల్ సెక్షన్‌లో రాతపూర్వకంగా అడిగి, జవాబు దాచుకోండి.

ఖాళీ తూటాలు, అంటే ఖోకాలు, వదిలేయండి. తూటా భాగాలు కూడా మందుగుండు నిర్వచనంలోకి వస్తాయి. పైగా ఫైరింగ్ అయ్యాక ఖోకాలను లెక్కపెట్టి జమ చేసుకుంటారు. బయట ఒక్కటి కనిపించినా అది ఎక్కడో లెక్కలో తగ్గినదే.

ప్రశ్న: మా నాన్నగారు పోయారు. ఆయన లైసెన్సు మీద .22 రైఫిల్ ఉంది. అమ్మ పేరు మీద ఉంచుకోవచ్చా? (జమ్మలమడుగు పాఠకుడు)

జవాబు: ఉంచుకోవచ్చు, కానీ కాగితం వచ్చేదాకా ఇంట్లో ఉంచకూడదు. నాన్నగారి లైసెన్సు ఆయనతోనే ముగిసింది. వెంటనే పోలీసు స్టేషనులోనో, లైసెన్సు ఉన్న తుపాకుల డీలరు దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న పత్రాలతో కలెక్టరుకు దరఖాస్తు చేయండి. 2016 నియమాల్లో 25వ నియమం వారసుల కోసమే ఉంది. ఒక్కరి పేరు మీద రెండుకు మించి తుపాకులు ఉండకూడదని 2019 నుంచి నిబంధన, అంతకుముందు మూడు ఉండేవి. అమ్మగారికి ఇప్పటికే రెండు ఉంటే ఇంకో వారసుడి పేరు మీద అడగండి.

ప్రశ్న: మా అల్లుడు మెల్‌బోర్న్‌లో ఉంటాడు, అక్కడ లైసెన్సు ఉంది. పాత కేడెట్ మార్టిని రైఫిల్ కొంటానంటున్నాడు. ఏం చూసుకోమంటారు? (పులివెందుల పాఠకుడు)

జవాబు: మంచి ఎంపిక. ఆస్ట్రేలియా కేడెట్ల కోసం మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బీఎస్‌ఏ, గ్రీనర్ కంపెనీలు బర్మింగ్‌హామ్‌లో .310 బోరుకు చేసిన ఒంటి గుండు రైఫిల్ అది. రిసీవర్ మీద కంగారూ బొమ్మ, రాష్ట్రం పేరు ముద్ర ఉంటాయి. తర్వాత మిగులు సరుకుగా అమ్మేశాక చాలావాటికి వేరే బారెళ్లు వేశారు. కాబట్టి మొదట అడగాల్సింది: బారెల్ పాతదేనా? పాతదైతే .310 గుండే వాడాలి. చూడ్డానికి .32-20 అలాగే ఉంటుంది కానీ గుండు లావులు వేరు, ఒకటి బదులు ఇంకోటి వాడకూడదు. చాంబర్ కొలత గన్‌స్మిత్‌తో తీయించమనండి. మన దేశానికి తెచ్చే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దని చెప్పండి.

ప్రశ్న: .22 రైఫిల్‌ను గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కి ప్రాక్టీసు చేస్తే పాడవుతుందా? పుల్‌త్రూ బారెల్ మధ్యలో తెగి ఇరుక్కుంటే ఎలా తీయాలి? (ఎన్‌సీసీ కేడెట్, కర్నూలు)

జవాబు: పాడవుతుంది నాయనా. .22 గుండుకు మందు అంచులో ఉంటుంది, కాబట్టి ఫైరింగ్ పిన్ మధ్యలో కాక అంచు మీద కొడుతుంది. గుండు లేకపోతే ఆ దెబ్బ నేరుగా చాంబర్ అంచు ఇనుముకు తగిలి అక్కడ చిన్న గుంట, పక్కన ముద్ద లేస్తుంది. తర్వాత గుండు సరిగా కూర్చోదు, డొల్ల బయటికి రాదు. స్నాప్ క్యాప్ (ప్రాక్టీసుకు పెట్టే ఉత్తుత్తి గుండు) పెట్టి ప్రాక్టీసు చేయండి.

పుల్‌త్రూకు మూడు కన్నాలు ఉంటాయి: మొదటిది వైర్ గాజ్‌కు (తీగ జాలీ ముక్కకు), రెండోది చిందీకి, మూడోది ఇరుక్కున్నప్పుడు ఆర్మరర్ లాగడానికి. శుభ్రానికి 4×2 అంగుళాల చిందీ, నూనెకు 4×1.5 అంగుళాలది. అంతకంటే పెద్ద గుడ్డ పెట్టడం వల్లే తాడు తెగుతుంది. చాంబర్ వైపు నుంచి వేసి మూతి వైపు ఒకే ఊపున తిన్నగా లాగాలి. పక్కకు లాగితే తాడు మూతి అంచును కోస్తుంది, గురి అక్కడే పోతుంది. తెగి ఇరుక్కుంటే ఇనుప కడ్డీతో పొడవొద్దు, కిరసనాయిలు పోసి నిప్పు పెట్టొద్దు. బోల్ట్ తీసి పక్కన పెట్టి, కోత్‌లో (ఆయుధాలు దాచే గదిలో) అప్పగించి, ఎక్కడ ఇరుక్కుందో చీటీ రాసి కట్టి, ఆర్మరర్ వచ్చేదాకా దాన్ని ముట్టుకోకండి.